చవట చేతి పని

మేస్త్రి నోరు మంచిది కాదు, చెయ్యి మాత్రం బంగారం. ఆ వీధిలో ఎవర్నడిగినా ఈ రెండు ముక్కలూ ఇదే వరసలో చెబుతారు. బతుకంతా కార్ల కింద వెల్లకిలా పడుకుని గడిపిన మనిషి. ఒళ్ళు సహకరించక సొంత గ్యారేజీ మూసేశాడు కానీ, ఇంటి పక్కన రేకుల షెడ్డులో తన పాత కారు మాత్రం ఉంచుకున్నాడు. పొద్దున్నే దాని బానెట్ ఎత్తి ఒకసారి చూసుకోందే టీ గ్లాసు ముట్టడు.

ఆయన కొడుక్కి ఆ చెయ్యి రాలేదు. తండ్రి దగ్గర్నుంచి అతనికి దక్కిందల్లా ఆ నోటి దెబ్బలే. చిన్నప్పుడు పానా అందించమంటే ఒక సైజు బదులు ఇంకో సైజు అందించేవాడు. తండ్రి పక్కన నిలబడి చూస్తున్నాడంటే చాలు, వేళ్ళు కొయ్యబారిపోయేవి. బిగించమన్న బోల్టుకి మరలు అరగదీసేవాడు, పట్టుకోమన్న దీపం కింద పడేసేవాడు. మేస్త్రి "చవటా" అనేవాడు. బండి బాగు చేయించుకోవడానికి వచ్చినవాళ్ళ ముందు కూడా అదే పిలుపు. ఇప్పుడు అతనికి పెళ్ళయింది, టైల్సు కొట్లో గుమాస్తా ఉద్యోగం ఉంది, నెత్తిన జుట్టు కూడా పల్చబడింది. ఇంట్లో మాత్రం ఇంకా చవటే. పెళ్ళాం ఎదురుగా కూడా చవటే.

అలాంటి ఇంట్లోకి కారు గొడవ వచ్చిపడింది. ఒకనాడు మేస్త్రి షెడ్డులోంచి బండి వెనక్కి తీస్తూ ఎదురింటి వకీలు స్కూటర్ని పడగొట్టాడు. ఎవరికీ దెబ్బ తగల్లేదు గానీ, వకీలు భార్య ఆ పక్క మెట్టు మీదే కూర్చుని ఉంది. తప్పయిందని ఒక్క మాట అంటే పోయేది. మేస్త్రి అనలేదు. దారికి అడ్డంగా పెట్టిందెవడని ఎదురు దబాయించాడు. ఆ రోజు నుంచి కోడలికి గుండెల్లో దడ పట్టుకుంది.

"ఏమండీ, ఇంక బండి తియ్యొద్దని మావయ్యగారికి చెప్పండి."

"నేను చెబితే వింటారా?"

"వినకపోతే వినకపోయారు. చెప్పి చూడండి ముందు."

అతను చెప్పలేదు. చెప్పే దమ్ముంటే చవట ఎందుకవుతాడు? పైగా కారుకి ఫిట్‌నెస్ గడువు దగ్గరపడింది. తుప్పుపట్టిన బండి, అడుగు రేకులోంచి రోడ్డు కనబడే బండి, పరీక్షలో ఎలాగూ తప్పుతుంది, పీడ దానంతటదే విరగడవుతుంది అనుకుని నోరు కట్టేసుకున్నాడు.

అక్కడే పప్పులో కాలేశాడు. మేస్త్రి నడుం బిగించాడు. తుప్పు తిన్నచోటల్లా కోసేసి కొత్త రేకు అతికించాడు. సైలెన్సర్‌కి పడ్డ చిల్లు పూడ్చాడు. వెనక చక్రాల బ్రేకు డ్రమ్ములు విప్పి కొత్త లైనింగులు వేశాడు. వెలిసిపోయిన హెడ్‌లైటు అద్దాలకి టూత్‌పేస్టు పెట్టి, మెరుపు వచ్చేదాకా రుద్దాడు. మోకాళ్ళు సలిపి లేవలేనప్పుడు కారు కిందనుంచి పాక్కుంటూ వచ్చేవాడే తప్ప, చెయ్యందించమని ఎవర్నీ అడగలేదు. ఆయన అంత కులాసాగా ఉండటం ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు. ఒకరోజు కొడుకు తనంతట తనే వెళ్ళి దీపం పట్టుకోబోయాడు.

"వద్దురా బాబూ," అన్నాడు మేస్త్రి కారు కిందనుంచి. "నువ్వు ముట్టుకుంటే ఉన్న బ్రేకు కూడా ఊడి కూర్చుంటుంది."

టీ తెచ్చిన కోడలు షెడ్డు గుమ్మంలోనే ఉంది. నవ్వు ఆపుకోలేక మొహం పక్కకి తిప్పుకుంది. కొడుకు అది చూశాడు. తండ్రి అన్న మాటకన్నా ఆ నవ్వే అతన్ని ఎక్కువ కోసింది.

అన్నిటికన్నా చివర హ్యాండ్‌బ్రేకు పని మిగిలింది. ఆ బ్రేకు తీగ కొసన రెండు నట్లుంటాయి. మొదటిది తిప్పితే తీగ బిగుస్తుంది. రెండోది దాని వెనకే వచ్చి, అది కదలకుండా అదిమి పట్టుకుంటుంది. మేస్త్రి రెండూ బిగించి, వీధి చివర ఏటవాలులో బండి ఆపి హ్యాండ్‌బ్రేకు లాగాడు. బండి మేకు కొట్టినట్టు నిలబడింది. రాత్రిళ్ళు మాత్రం దాన్ని వేసి ఉంచడు. లైనింగు డ్రమ్ముకి అతుక్కుపోతుందని ఆయన పట్టింపు. చక్రం కింద ఒక ఇటుక పెట్టి పడుకునేవాడు.

పరీక్షకి వెళ్ళే పొద్దున మేస్త్రి స్నానాల గదిలో ఉండగా కొడుకు షెడ్డులోకి వెళ్ళాడు. రెండు పానాలు తీసుకుని కారు కిందికి దూరాడు. రెండో నట్టు సడలించి, మొదటిదాన్ని వెనక్కి తిప్పి, తీగ వేలాడాక మళ్ళీ రెండోదాన్ని ఎప్పటిలా బిగించేశాడు. అంటిన వేలిముద్రల్ని పాతగుడ్డతో తుడిచాడు. చూసేవాళ్ళు లేరు కదా, చెయ్యి ఎక్కడా తడబడలేదు. పుట్టి బుద్ధెరిగాక అంత శుభ్రమైన పని అతను చెయ్యలేదు. తండ్రికి ఎదురు నిలబడి ఒక్క మాట చెప్పడానికి లేని ధైర్యం, కింద పడుకుని నట్టు వదులు చెయ్యడానికి ఎక్కణ్ణుంచో వచ్చింది. కొట్టుకి వెళ్ళేదాకా దారంతా అతనికి హాయిగా ఉంది, ఆ మాట దాచి లాభం లేదు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి మేస్త్రి కారు కిందే ఉన్నాడు. బ్రేకు ఇన్‌స్పెక్టరు ఏటవాలు దిమ్మ మీద బండి ఆపించి, హ్యాండ్‌బ్రేకు లాగి కాలు తియ్యమన్నాడట. కారు తాపీగా వెనక్కి జారి వెళ్ళిపోయిందట. మిగతావన్నీ భేషుగ్గా ఉన్నాయి, ఇదొక్కటి సరిచేసుకుని రమ్మన్నాడట.

మేస్త్రి బయటికొచ్చి గోడకి ఆనుకుని కూర్చున్నాడు. "రెండో నట్టు బిగించే ఉంది," అన్నాడు గోడతో చెప్పినట్టు. "ఏటవాలులో చూసొచ్చాక మళ్ళీ ముట్టుకున్నానేమో. మొదటిదాన్ని వదులుగా వదిలేసి, దాని మీద దీన్ని బిగించాను. నేనే."

ఇక్కడితో ఆగినా బాగుండేది. కొడుకు ఆగుదామనే అనుకున్నాడు కూడా. మేస్త్రి నట్లు మళ్ళీ బిగించుకున్నాడు. రెండోసారి పరీక్షకి బయల్దేరుతూ, ఎన్నడూ లేనిది, "నువ్వు కూడా రారా, తోడుగా ఉంటావు" అన్నాడు. ఆ గొంతులో బతిమాలడం విని కొడుకు కొట్టుకి సెలవు పెట్టాడు. వీధి చివర ఏటవాలులో బండి ఆపి మేస్త్రి హ్యాండ్‌బ్రేకు లాగాడు.

"దిగి చూడు. కదులుతోందా?"

బండి రవ్వంత కూడా కదల్లేదు. కొడుకు లేదన్నట్టు తలూపాడు. మేస్త్రి మొహం తేటపడింది.

పరీక్ష జరిగే ఆవరణలో బండ్ల వరస గేటు దాకా ఉంది. ఎవరి బండి కింద వాళ్ళు దూరి ఆఖరి బిగింపులు బిగించుకుంటున్నారు. ముందున్న టెంపో డ్రైవరు బీడీ వెలిగిస్తూ, ఇతనెవరని అడిగాడు.

"మావాడే," అన్నాడు మేస్త్రి. "పనికి రాడులే. ఊరికే తోడుకి తెచ్చుకున్నాను, దిష్టిబొమ్మలాగా."

డ్రైవరు పొగ మింగుకుని మరీ నవ్వాడు. మేస్త్రి కూడా నవ్వాడు. తర్వాత కాగితాలు చూపించడానికి కిటికీ దగ్గరికి వెళ్ళాడు.

తండ్రి వీపు జనంలో కలిసిపోగానే కొడుకు వెనక సీట్లో ఉన్న పనిముట్ల సంచిలోంచి పానాలు తీశాడు. కారు కిందికి దూరాడు. అక్కడ అందరూ కిందే ఉన్నారు, ఇతన్నెవరు పట్టించుకుంటారు? ఈసారి ఇంకా త్వరగా అయిపోయింది. లేచి నిలబడేసరికి మేస్త్రి తిరిగొస్తున్నాడు. కొడుకు చొక్కా వెనకంతా మట్టి.

"ఎక్కడ ఆనుకున్నావురా, చూసుకోవూ," అని మేస్త్రి అరచేత్తో వీపంతా దులిపాడు. కాలర్ కూడా సరిచేశాడు. కొడుకు ఆ దులిపినంతసేపూ కదలకుండా నిలబడ్డాడు.

దిమ్మ మీద కారు ఆగింది. మేస్త్రి హ్యాండ్‌బ్రేకు లాగాడు. అది చేతికి ఏ పట్టూ తగలకుండా పైదాకా లేచివచ్చింది. కాలు తీశాడు. కారు వెనక్కి జారింది. ఇన్‌స్పెక్టరు కసురుకోలేదు, అదే ఎక్కువ బాధ. "పెద్దాయనా, బండి తప్పు కాదిది, బిగించినవాళ్ళది," అన్నాడు. "ఎవరు బిగించారు?"

మేస్త్రి కొడుకు వైపు తిరిగాడు. "పొద్దున నిలబడింది కదరా? నువ్వు దిగి చూశావు కదా?"

ఆ కళ్ళలోకి చూసి నిజం చెప్పడానికి అప్పటికీ వ్యవధి ఉంది. టెంపో డ్రైవరు మెడ సాచి వింటున్నాడు.

"లేదు నాన్నా. కొంచెం జారింది. నేను చెప్పబోయాను, మీరే వినిపించుకోలేదు."

మేస్త్రి హ్యాండ్‌బ్రేకు మీదున్న తన చేతిని, ఎవరిదో అయినట్టు, కాసేపు చూశాడు. తర్వాత కారు దిగి తాళంచెవి కొడుకు చేతిలో పెట్టాడు. "నువ్వు నడుపు," అన్నాడు. ఇంటికొచ్చాక బండి కిందికి తొంగి కూడా చూడలేదు. ఆ వారంలోనే తుక్కుకొనేవాడు వచ్చి కారుని లారీకి కట్టి ఈడ్చుకుపోయాడు. మేస్త్రి గదిలోంచి బయటికి రాలేదు.

కోడలు కోరుకున్నది జరిగింది. కానీ ఆమె కోరుకున్నది కారు పోవడం. మనిషి కూడా దాని వెంటే పోతాడని ఆమెకేం తెలుసు? మేస్త్రి కుళాయి కట్టేసి, నిజంగా కట్టానా అని కోడల్ని పిలిచి చూపించేవాడు. గ్యాసు పొయ్యి ముట్టుకోవడం మానేశాడు. గడ్డం గీసుకోవడం మానేశాడు, కత్తెర పట్టడం మానేశాడు. ఒకప్పుడు ఆయన దగ్గర పని నేర్చుకున్నవాడు, ఇప్పుడు సొంత గ్యారేజీ నడుపుతున్నవాడు, ఏదో ఇంజను చప్పుడు అంతుపట్టక సలహాకి వచ్చాడు. "నా మాట పట్టుకుని ఎవరి ప్రాణం మీదికి తెస్తావురా," అని మేస్త్రి అతన్ని వాకిట్లోంచే పంపేశాడు. నోటి పదును కూడా పోయింది. ఎవర్నీ ఏమీ అనడం లేదు. చవటా అన్న పిలుపు ఇంట్లో వినబడటం లేదు. కొడుక్కి అది కదా కావలసింది, అదిగో, దొరికింది. దొరికాక ముద్ద దిగడం లేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం మేస్త్రి ఖాళీ షెడ్డులో స్టూలు మీద కూర్చుని ఉండగా కొడుకు వెళ్ళి ఎదురుగా నిలబడ్డాడు.

"నాన్నా, ఆ నట్టు మీరు వదిలెయ్యలేదు. నేను వదులు చేశాను. రెండుసార్లూ నేనే. ఆ రోజు పొద్దున బండి నిలబడింది. జారిందని అబద్ధం చెప్పాను."

మేస్త్రి తలెత్తి చూశాడు. తర్వాత ఆ మొహం మీద నవ్వు మొలిచింది, చాలాకాలానికి.

"నువ్వా? రెండు నట్లూ విప్పి, మళ్ళీ తెలియకుండా బిగించావా?"

"అవును నాన్నా."

మేస్త్రి లేచాడు. గోడవార బల్లకి బిగించిన వైసు దవడల మధ్య ఒక బోల్టు పెట్టి, దానికి రెండు నట్లు ఎక్కించాడు. తను బిగించకుండా కొడుకునే బిగించమని, రెండు పానాలు అందించాడు. "ఊఁ. చేసి చూపించు," అని పక్కన నిలబడ్డాడు.

కొడుకు పానా తగిలించాడు. తండ్రి చూస్తున్నాడు. వేళ్ళు కొయ్యబారాయి. ఒక నట్టు తిప్పబోతే రెండూ కలిసి తిరిగాయి. మళ్ళీ పట్టాడు, పానా జారింది. ఈసారి ఎలాగైనా తిప్పాలని ఒళ్ళంతా బలం పెట్టి గుంజాడు. పానా ఊడి, చెయ్యి వెళ్ళి ఇనుప వైసుకి కొట్టుకుంది. వేలి కణుపులు చిట్లి నెత్తురు కారింది.

"నేనే నాన్నా, నిజం," అన్నాడు ఏడుపు గొంతుతో. "నేనే చేశాను, నమ్మండి."

మేస్త్రి ఆ చెయ్యి పట్టుకున్నాడు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నేను దిగులుపడుతున్నానని నేరం నీ నెత్తిన వేసుకుంటున్నావా?" అన్నాడు. "మంచివాడివిరా నాన్నా. ఇంత మంచివాణ్ణి పట్టుకుని బతుకంతా ఎన్నెన్ని మాటలన్నాను."

నాన్నా అని తండ్రి పిలవగా ఆ కొడుకు వినడం అదే మొదలు. ఆ పిలుపు కోసం చిన్నప్పుడు అతను దీపం పట్టుకుని గంటలు గంటలు నిలబడ్డాడు. ఇప్పుడు వింటుంటే చెంప మీద కొట్టినట్టుంది.

నెత్తురు చూసి కోడలు దూదీ గుడ్డపీలికా పట్టుకొచ్చింది. అంతకుముందు నుంచీ గుమ్మంలో నిలబడి అంతా విన్నట్టే ఉంది. మేస్త్రి పక్కకి తప్పుకుని తన చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"నువ్వే కట్టమ్మా," అన్నాడు. "నేను కడితే ఊడిపోతుంది."

కోడలు మొగుడి చెయ్యి తీసుకుంది. నెత్తురు తుడిచి కట్టు కడుతున్నంతసేపూ అతని మొహంలోకే చూసింది. అతను చెప్పింది ఆమె నమ్మింది.