జోగమ్మ బొమ్మ వేలం

పేపర్లో ఆ ఫోటో చూసిన పూటే సన్యాసిరాజు గాజువాక నుంచి జీపులో కంచరపాలెం వచ్చి, చెల్లెలి ఇంట్లోకి చెప్పులతోనే నడిచాడు. మడిచిన పేపరు గౌరీశ్వరి ముందు పడేశాడు.

"సూడు. నాయినమ్మని బజార్లో పెట్టీసినారు."

పద్మనాభం వైపు ఒక పాత ఎస్టేటు వారసులు తమ బంగళా ఖాళీ చేస్తూ, అందులోని రంగుల చిత్రాలను మహారాణిపేటలో ఒక హాల్లో ఆదివారం వేలం వేయిస్తున్నారన్న వార్త అది. కొన్ని విక్టోరియా రాణి కాలానివి, కొన్ని ఆ తరవాతవి. వాటిలో ఒకదాని పైభాగం మాత్రం ఫోటో వేశారు. రవిక లేని భుజాలతో, వదులైన జుట్టుముడితో, ఎదుటివాళ్ళ కళ్ళలోకి సూటిగా చూస్తున్న పడుచు. గీసింది ఎస్టేటు చిన్నదొర అచ్యుతరామయ్య అని కింద రాశారు. ఆ పడుచు ఎవరో రాయలేదు.

రాయకపోయినా ఊళ్ళో అందరికీ తెలుసు. ఆ వెడల్పాటి నుదురు, కలిసిపోయిన కనుబొమలు సన్యాసిరాజు ముఖంలో ఇప్పటికీ ఉన్నాయి.

"దొర ముందు అలగ కూకుందని నవ్వుతన్నారు," అన్నాడు. "మన నాయిన ఎవుడికి పుట్టాడో అని కూడా అంటన్నారు. కార్పొరేషన్ ఎలక్షన్లో నిలబడతానని వీధి వీధీ తిరుగుతన్నాను. నా ముఖమ్మీదే అడిగాడొకడు."

"అయితే ఏటి సేత్తావ్?"

"ఎంతైనా సరే పాడతాను. తెచ్చి, కిరసనాయిలు పోసి కాల్సీత్తాను."

స్టీలు ప్లాంటులో మట్టిపని కాంట్రాక్టులు మొదలయ్యాక అన్నయ్య అన్న మాట అన్నట్టు చేసే మనిషయ్యాడు. గౌరీశ్వరి అతన్ని ఆపాలని చూడలేదు. జీపు వెళ్ళిపోయాక పక్కగదిలోకి చూసింది. చాప మీద కూర్చున్న జోగమ్మ అంతా వింది.

"నాయినమ్మా, అన్నయ్య మాటలకి బాధపడకు."

"బాధ కాదే. ఆ బొమ్మ నాను సూడనేదు," అంది జోగమ్మ. "అయిపోయాక సూపిత్తానన్నారు. సూపనేదు. మళ్ళీ ఆ బంగళా గుమ్మం ఎక్కనేదు నాను. ఆడు కాల్సే ముందు ఒక్కపాలి సూపిత్తావేటి?"

పోర్టు ఆఫీసులో టైపిస్టు పని చేసి కూడబెట్టుకున్న డబ్బంతా గౌరీశ్వరి మర్నాడు బ్యాంకు నుంచి తీసింది. చూపించడానికే కాదు, కొనడానికి.

ఆదివారం హాలు కిటకిటలాడింది. వేలం వేసే సీతారామాంజనేయులు రాజమండ్రి మనిషి. గొంతు ఎత్తకుండానే చివరి కుర్చీ దాకా వినిపించేలా మాట్లాడతాడు. ముందు వరసలో సన్యాసిరాజు, పక్కన అతని మనుషులిద్దరు. గౌరీశ్వరి ద్వారం దగ్గర, ఒక స్తంభం పక్కన నాయనమ్మను కూర్చోబెట్టింది. అన్నయ్య ఒక్కసారి వెనక్కి తిరిగితే చాలు, కనిపించిపోతారు. అతను తిరగలేదు. కాలు ఊపుతూనే ఉన్నాడు.

డాల్ఫిన్ నోస్ కొండ కింద తెరచాప ఓడ ఉన్న చిత్రం ముందు పోయింది. తరవాత వేటకుక్కతో నిలబడ్డ జమీందారుది. రెంటినీ కలకత్తా నుంచి వచ్చిన మల్లిక్ అనే వ్యాపారి తీసుకున్నాడు. సన్నటి మనిషి. నోరు తెరవడు. చేతిలో పెన్సిలు కాస్త పైకెత్తుతాడు, అంతే. ఆ పెన్సిలు లేచినప్పుడల్లా గౌరీశ్వరి తన సంచీలోని డబ్బుని మనసులో మళ్ళీ లెక్కపెట్టుకుంది. అన్నయ్య ఒక్కడే పోటీ అనుకుని వచ్చింది తను.

అప్పటిదాకా గోడవైపు తిప్పి పెట్టిన పటాన్ని ఇద్దరు కూలీలు ఎత్తి బల్ల మీద నిలబెట్టారు. హాల్లో గుసగుసలు లేచాయి. వెనక నుంచి ఎవరో నవ్వారు. సన్యాసిరాజు మెడ ఎర్రబడటం అంత దూరం నుంచి కూడా కనిపించింది.

"ఆయ్, నెమ్మదండీ," అన్నాడు సీతారామాంజనేయులు. "పాట వెయ్యి దగ్గర మొదలెడదాం."

"రెండు వేలు," అన్నాడు సన్యాసిరాజు, ఆయన మాట పూర్తికాకుండానే.

పెన్సిలు లేచింది. సన్యాసిరాజు పెంచాడు. పెన్సిలు మళ్ళీ లేచింది. సన్యాసిరాజు నాలుగు వేలు అనేసరికి మల్లిక్ కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ కూర్చున్నాడు. ఇంక ఎవరూ పలకలేదు.

"నాలుగున్నర," అంది గౌరీశ్వరి.

తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. సన్యాసిరాజు వెనక్కి తిరిగాడు. ముందు చెల్లెల్ని చూశాడు, తరవాత ఆమె పక్కన ముసుగేసుకుని ముడుచుకు కూర్చున్న మనిషిని చూశాడు. లేచి నిలబడ్డాడు.

"ఏటే ఇది? ఆవిడ్ని ఇక్కడికి తెచ్చినావేటి? తీసుకెల్లిపో ముందు!"

"కూర్చోండి బాబూ," అన్నాడు సీతారామాంజనేయులు. "పాట నాలుగున్నర వేలండి."

"ఐదు!"

"ఐదున్నర," అంది గౌరీశ్వరి.

"ఆరు!" అతను ఇప్పుడు వేలం వేసేవాడికి చెప్పడం లేదు, చెల్లెలి ముఖంలోకి చూస్తూ అంటున్నాడు.

"ఆరున్నర." అక్కడితో ఆమె దగ్గరున్నది అయిపోయింది. సంచీ తాళ్ళు వేళ్ళకి చుట్టుకుని, అన్నయ్య ఆగిపోతే బాగుండునని చూసింది.

"ఏడు," అన్నాడు సన్యాసిరాజు.

ఆమె తల దించుకుంది. సీతారామాంజనేయులు రెండు వైపులా చూశాడు. చెక్క సుత్తి చేతిలోకి తీసుకున్నాడు.

"ఏడు వేలు, ఒకటోసారి. ఏడు వేలు, రెండోసారి..."

"ఆగు బాబూ."

జోగమ్మ లేచింది. కుర్చీల మధ్య దారిలో, ఒక్కొక్క కుర్చీ పట్టుకుంటూ ముందుకు నడుస్తోంది. గౌరీశ్వరి పరుగెత్తి చెయ్యి పట్టుకోబోతే విదిలించుకుంది. సన్యాసిరాజు దారికి అడ్డంగా వచ్చాడు.

"నాయినమ్మా, నీకు దండమెడతాను. వెనక్కెల్లు. అందరూ సూత్తన్నారు," అన్నాడు పళ్ళ బిగువున.

"సూడనీరా. నాను కూడా సూడ్డానికే వొచ్చినాను."

అతన్ని పక్కకి నెట్టలేదు. నిలబడి చూసిందంతే. అతనే తప్పుకున్నాడు. జోగమ్మ బల్ల దగ్గరికి వెళ్ళి, పటానికి జానెడు దూరంలో ముఖం పెట్టింది. పొరలు కమ్మిన కళ్ళతో పైనుంచి కిందికి మెల్లగా చూసుకుంటూ వచ్చింది. గుసగుసలు ఆగిపోయాయి. ముసుగు జారితే సర్దుకోలేదు. బొమ్మలోని నుదురు, బొమ్మ ముందున్న నుదురు పక్కపక్కన కనిపిస్తూంటే ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది.

"ఇది నానే," అని హాలు వైపు తిరిగి అంది. "జోగమ్మని. మా ఇంటాయన తాడిచెట్టు మీంచి పడి నడుం ఇరిగి మంచమెక్కితే, కుంచెడు బియ్యం ఇత్తామంటే కూకున్నాను. పంట ఇంటికొచ్చీదాకా రోజూ ఎల్లేదాన్ని. అప్పట్లో మాలో రవికెలు ఎవులు తొడిగేవోరు? నాను ఇంటికాడ ఎలగున్నానో అక్కడా అలగే కూకున్నాను."

తరవాత మనవడి వైపు తిరిగింది. "ఇలగ రారా. కింద మూల సూడు."

సన్యాసిరాజు కదల్లేదు. ఆమె పిలుస్తూనే ఉంది. చివరికి వెళ్ళి వంగి చూశాడు. పేపరు వాళ్ళు ఫోటోలో కోసేసిన కింది భాగం అది. ఒళ్ళో చీర మడతల్లోంచి చిన్న పాదం ఒకటి బయటికి వచ్చి ఉంది. ఐదు వేళ్ళూ విచ్చుకుని, ఎవరినో తన్నబోతున్నట్టు.

"మీ నాయిన," అంది జోగమ్మ. "పాలు తాగతన్నాడు. నాను ఆ గుమ్మం ఎక్కేసరికే ఆడు పుట్టి ఏడు నెల్లు."

సన్యాసిరాజు చెయ్యి ఆ పాదం దాకా వెళ్ళి, తాకకుండా ఆగిపోయింది. తండ్రి పోయి నాలుగేళ్ళయింది. ఆయన ఫోటో ఒక్కటంటే ఒక్కటి, అదీ పాత గుర్తింపు కార్డు మీద అతికించినదే, వాళ్ళింట్లో ఉంది.

మల్లిక్ లేచి సీతారామాంజనేయులు చెవిలో ఏదో అడిగాడు. ఆయన తల ఊపి, గొంతు సవరించుకున్నాడు.

"సుత్తి పడలేదు కనక పాట ఇంకా ఉన్నట్టేనండి. మల్లిక్ గారి పాట పన్నెండు వేలు."

బొమ్మలోని మనిషి ఎవరో తెలిసి, ఆ మనిషే ఎదురుగా నిలబడితే ఆ బొమ్మ విలువ పెరుగుతుందని గౌరీశ్వరికి అప్పుడు అర్థమైంది. అన్నయ్య కూడా అర్థం చేసుకున్నాడు.

"పదమూడు," అన్నాడు. ఇందాకటి గొంతు కాదది.

పెన్సిలు లేచింది. పదిహేను.

గౌరీశ్వరి అన్నయ్య పక్కకి వచ్చి, తన సంచీ అతని చేతిలో పెట్టింది. "నాది కూడా కలిపి పాడు."

"ఇరవై!"

పెన్సిలు లేచింది. ఇరవై ఐదు. సన్యాసిరాజు నుదుటి మీద చెమట పట్టింది. జీపు అమ్మాలా, చేతిలో ఉన్న పని ఎవరికైనా వదిలెయ్యాలా అని లెక్క వేసుకుంటున్నట్టు కళ్ళు కదిలాయి. నోరు తెరవబోయాడు. జోగమ్మ అతని మోచెయ్యి పట్టుకుంది.

"ఎక్కడెడతావురా?"

"ఇంట్లో. ముందుగదిలో."

"నీ ఇంటికి పార్టీవోళ్ళొత్తారు, ఇంజినీర్లొత్తారు. ఇదెవులని అడుగుతారు. గుడ్డ కప్పుతావు నువ్వు. గుడ్డ కింద నాను కూకోలేనురా."

"కప్పను," అనాలి సన్యాసిరాజు. గౌరీశ్వరి అతని పెదాల వైపే చూస్తోంది. అనబోయి, అతను హాల్లో ఉన్న ముఖాల వంక చూశాడు. నవ్వినవాడు ఎక్కడున్నాడో వెతుకుతున్నట్టు చూశాడు. ఆ రెప్పపాటు చాలింది.

"ఇరవై ఐదు వేలు, ఒకటోసారి. రెండోసారి."

"నాయినమ్మా..."

"మూడోసారి."

సుత్తి పడింది.

మల్లిక్ వచ్చి జోగమ్మకి వంగి నమస్కారం పెట్టాడు. ఆమె చేతులు జోడించి, "ఎలుతురున్న కాడ పెట్టండి బాబూ," అంది. సీతారామాంజనేయులు ఆ మాట హిందీలో చెప్పాడు. మల్లిక్ అలాగేనన్నట్టు తల ఊపాడు. పెడతాడో లేదో ఎవరికి తెలుసు?

కూలీలు పటానికి గోనెపట్టా చుడుతూంటే సన్యాసిరాజు వెళ్ళి ఒక అంచు పట్టుకున్నాడు. తన మనుషులు పిలుస్తున్నా వినిపించుకోలేదు. తాడు బిగించేదాకా అక్కడే ఉన్నాడు.

జీపు ఎక్కేటప్పుడు నాయనమ్మని రెండు చేతులతో ఎత్తి ముందు సీట్లో కూర్చోబెట్టాడు. గౌరీశ్వరి వెనక కూర్చుంది. కంచరపాలెం దగ్గర రైలు గేటు వేసి ఉంది. పోర్టుకి ఇనుపరాయి మోసుకెళ్ళే వేగన్లు ఒకదాని వెనక ఒకటి పోతూనే ఉన్నాయి. సన్యాసిరాజు ఇంజను ఆపాడు.

"గుడ్డ కప్పనని అంటాననే అనుకున్నాను," అన్నాడు, ఎదురుగా చూస్తూ. "నోరు రానేదు."

 జోగమ్మ నవ్వింది.

"మీ నాయిన ఒకరోజు తన్నీసి, రంగు గిన్ని బోర్లేసినాడురా. నీలం రంగు. నా సీరంతా అయిపోయింది. దొరగారు ఎంత తిట్టారో..."

వేగన్ల మోతలో సగం మాటలు వినిపించలేదు. సన్యాసిరాజు ఆమె వైపు వంగాడు.

"మళ్ళీ సెప్పు," అన్నాడు.