తడిచేతికి దొరికిన బటన్

నేను ఒక స్మార్ట్ వాచీని. ఈ మాట వినగానే మీరు నా మొహం ఎలా ఉంటుందో ఊహించుకుంటారు. అందరూ అంతే. నల్లటి గాజు, తాకితే వెలిగే అంకెలు, రోజుకో రంగు. నేను కూడా చాలాకాలం నా మొహం చూసుకునే మురిసిపోయాను. కుడిపక్కన నాకు రెండు బటన్లు ఉన్నాయన్న సంగతి, మీకు మీ మోచేతులు గుర్తున్నంత మాత్రమే నాకు గుర్తుండేది.

నేను పుట్టిన కర్మాగారంలో ఒక ఇనుపవేలు ఉండేది. బటన్లు నొక్కడం తప్ప దానికి మరో పని లేదు. మా వరసలోంచి ఒకదాన్ని తీసి, దాన్ని లక్షసార్లు నొక్కించారు. అది బతికింది కాబట్టి మేమందరం బాగున్నట్టేనని కాగితం మీద రాసుకున్నారు. ఒక్క మెతుకు పట్టుకుని అన్నమంతా ఉడికిందనడం మనుషులకు అలవాటే. ఆ ఇనుపవేలు మాత్రం ఎప్పుడూ పొడిగా, శుభ్రంగా ఉండేది. దాన్ని ఒక్కసారి ఉప్పునీళ్ళలో ముంచి నొక్కిద్దామని ఎవరికీ తోచలేదు.

నన్ను మొదట కట్టుకున్నది ఒంగోలులో ఇళ్ళస్థలాలు అమ్మిపెట్టే వెంకటరత్నం. రోజుకు పదివేల అడుగులు నడవమని డాక్టరు చెప్పాడట. ఆయన కుర్చీలో కూర్చుని, ఎడమచేత్తో టీ తాగుతూ, నేనున్న కుడిచెయ్యి గాలిలో ఊపేవాడు. నేను అడుగులు లెక్కపెట్టేదాన్ని. అబద్ధమని తెలిసినా లెక్కపెట్టడమే నా ఉద్యోగం. సాయంత్రానికి పదివేలు పూర్తయితే భార్యను పిలిచి చూపించేవాడు. పాపం, ఆవిడ నమ్మేది. ఏడాది తిరిగేసరికి కొత్తరకం వాచీ వచ్చింది. నన్ను తీసుకెళ్ళి చీరాలలో తెలిసినవాడి సెల్‌ఫోన్ల కొట్లో ఇచ్చేసి, దాన్ని కట్టుకుని వెళ్ళాడు. ఆ చెయ్యి ఇప్పుడు ఎంత దూరం నడుస్తోందో మరి.

కొట్టు ఖాదర్‌వలీది. అద్దాల బల్లలో మేం అయిదారుగురం పాతవాళ్ళం ఉండేవాళ్ళం. ఒకరోజు మధ్యాహ్నం అరవై దాటిన పెద్దమనిషి ఒకాయన వచ్చాడు. పేరు మార్కండేయులు. గోళ్ళ చుట్టూ నీలం, మోచేతిదాకా ఎరుపు మరకలు. చేతిసంచీలోంచి ఒక జత రబ్బరు తొడుగులు, ఒక నీళ్ళసీసా తీసి బల్ల మీద పెట్టాడు.

ఖాదర్ నవ్వాడు. "ఏం పెద్దాయనా, వాచీ కొనటానికి వచ్చావా, అంట్లు తోమటానికి వచ్చావా?"

"నూలుకి రంగులద్దేవాణ్ణి అబ్బాయ్. తొడుగేసుకున్న తడిచేత్తో నొక్కితే పలకాల. అన్నీ బయటపెట్టు, చూద్దాం."

ఆయన తొడుగు వేసుకుని, దానిమీద నీళ్ళు పోసుకుని, కళ్ళు మూసుకున్నాడు. ఒక్కొక్కరినీ రెండోచేతి మణికట్టుకు కట్టించుకుని వేలితో తడమడం మొదలుపెట్టాడు. నా జన్మలో అటువంటి పెళ్ళిచూపులు చూడలేదు.

మొదటిదానికి గాజు తప్ప మరేం లేదు. నీళ్ళచుక్కలు పడగానే అది గంగవెర్రులెత్తి, వాతావరణం చూపించి, ఆ తర్వాత తనంతట తానే ఎవరికో ఫోన్ చెయ్యబోయింది. రెండోది మాలో గొప్పింటిది. దాని పక్కన తిప్పే గుండ్రటి మీట ఉంది. పొడిచేతికి వెన్నలా తిరుగుతుంది గానీ, తడి రబ్బరు కింద చేపలా జారిపోయింది. మూడోదాని బటన్ ఒంట్లో కలిసిపోయి ఉంది. చూడడానికి ముచ్చటే. కళ్ళు మూసుకుని వెతికినవాడికి మాత్రం దొరకదు. నాలుగోదాని బటన్ దొరికింది, నొక్కితే మెత్తగా లోపలికీ పోయింది. పట్టిందో లేదో చెప్పలేదు. పైగా ఆయన మణికట్టు వెనక్కి వంచగానే దానంతటదే నొక్కుకుంది.

"ఇది పిలిస్తే ఊఁ కొట్టదబ్బాయ్. పిలవనప్పుడు కొట్టిద్ది," అన్నాడు మార్కండేయులు.

తర్వాత నా వంతు. నా పైబటన్ కాస్త పొడుచుకొచ్చి, మీద గరుకు గీతలతో ఉంటుంది. వెంకటరత్నం దాన్ని ఏనాడూ ముట్టుకోలేదు. ఈయన వేలు సూటిగా దానిమీదికే వచ్చి ఆగింది. నొక్కాడు. టిక్కుమంది. వెంటనే నేను చర్మం మీద ఒక్కసారి అదిరాను. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ అదిరాను. పదిసార్లు నొక్కి, పదిసార్లూ అదిరాక కళ్ళు తెరిచాడు.

"కళ్ళెందుకు మూసుకున్నావు పెద్దాయనా?" అన్నాడు ఖాదర్.

"పని చేసేటప్పుడు చూపు రంగు మీద ఉండాల గానీ వాచీ మీద కాదు గదా."

ఆ జవాబు నాకు నచ్చింది. అది సగం అబద్ధమని తర్వాత తెలిసింది.

ఆయన పనిచేసే షెడ్డు రైలుకట్టకు దగ్గరలో ఉంది. వరసగా రంగుతొట్లు, కింద పొయ్యిలు, పక్కన ఉప్పుబస్తాలు, చాకలిసోడా. చిలపలుగా, అంటే కట్టలుగా చుట్టిన నూలును కర్రలకు తగిలించి, రంగునీళ్ళలో ముంచి, ఆపకుండా తిప్పుతూ ఉండాలి. రంగు పట్టాక తీసి ఝాడించాలి. ఆ షెడ్డులో ఒక ఆచారం ఉంది. తీసిన చిలపను పెద్ద అద్దకందారు గుమ్మంలోకి తెచ్చి, ఎండకు ఎత్తిపట్టి చూసి, "కుదిరింది" అనాలి. ఆ మాట పడేదాకా ఒక్క పోగు కూడా మగ్గానికి వెళ్ళదు. పడ్డాక చీరలు నేయించే షావుకారు కూడా కాదనడు. ముప్ఫై ఏళ్ళుగా ఆ మాట మార్కండేయులుది.

నూలు తొట్టిలో పడగానే ఆయన నా పైబటన్ నొక్కేవాడు. నేను ఒక్కసారి అదిరి లెక్క మొదలుపెట్టేదాన్ని. ఆయన పెట్టుకున్న నిమిషాలు పూర్తవగానే మూడుసార్లు అదిరేదాన్ని. ఆయన నూలు తీసేవాడు. నా మొహం వంక మాత్రం చూసేవాడు కాదు. నాకు రోషం వచ్చింది, దాచుకోవడమెందుకు. ఇంత వెలిగేదాన్ని పట్టుకుని వట్టి బటన్ కోసం కట్టుకున్నాడే అని.

పదిరోజులు గడిచాక అర్థమైంది. ఆయన చిలపను ఎండకు ఎత్తి చూస్తాడు గానీ, కళ్ళు ఎక్కడా నిలవవు. రంగుపొట్లాల మీది పేర్లు కూతురిచేత చదివిస్తాడు. ముదురు నీలం చిలపను పట్టుకుని నలుపు తొట్టివైపు నడవబోయి, సర్దుకుని వెనక్కి వస్తాడు. రెండు కళ్ళలోనూ పొర కమ్మింది. ఆపరేషన్ చేయించుకోవచ్చు. కానీ అద్దకందారు కళ్ళాసుపత్రికి వెళ్ళాడని తెలిస్తే, ఇన్నాళ్ళూ గుడ్డిగా అద్దాడా అని ఊరంతా అనుకుంటుంది. గుమ్మంలో మాట పోతుంది. అది పోతే ఆయనకు తన దగ్గర ఇంకేమీ మిగలదనిపించింది. అందుకని చూపు చెయ్యాల్సిన పని నా బటన్‌కు అప్పగించాడు. అంతా తెలిసి, నేను గర్వంతో ఉబ్బిపోయాను. ఎనిమిది నెలలు ఆ షెడ్డు రంగులన్నీ నా వల్లే కుదురుతున్నాయని నమ్మాను.

ఆయన కూతురు పేరు భద్రావతి. పక్కవీధిలోనే కాపురం, పొద్దున్నే వచ్చి చిలపలు కట్టడం, తీసినవాటిని ఝాడించడం ఆమె పని. మాట తక్కువ మనిషి. "ఇది కాస్త సబ్బునీళ్ళలో తిప్పుకొస్తా నాన్నా" అనో, "ఇంకో ముంపు వేసి ఆరేస్తాలే" అనో అంటుండేది. వెనక పెరట్లో ఆమె ఏం చేస్తోందో నేను పట్టించుకోలేదు. నా దృష్టి ఎప్పుడూ నా మీదే.

ఒక శనివారం షావుకారు సుబ్బారాయుడు గారు షెడ్డుకు వచ్చి కుర్చీ వేసుకున్నారు. నలభై చీరల ఆర్డరు. సగం నూలుకు పోయిన నెలలోనే నీలం అద్దారు. మిగతా సగం దానితో కలిసిపోవాలి. మచ్చుకు పాత చిలప ఒకటి ఒళ్ళో పెట్టుకుని కబుర్లు చెబుతున్నారు. నూలు తొట్టిలో పడింది. మార్కండేయులు నా బటన్ నొక్కాడు.

ఎనిమిది నెలల ఉప్పూ సోడా నా బటన్ కింద గట్టిగా పేరుకున్నాయి. టిక్కుమంది గానీ అడుగుకు తగల్లేదు. నేను అదరలేదు. షావుకారుకు జవాబు చెబుతూ ఆయన ఆ సంగతి గమనించలేదు. నా లెక్క మొదలు కాలేదని నాకు తెలుసు. చెప్పడానికి నాకున్న నోరు ఆ బటన్ ఒక్కటే, అది పూడుకుపోయింది.

ఆయన చిలపలు తిప్పుతున్నాడు. నా అదురు కోసం ఎదురుచూస్తున్నాడు. నీలం ముదురుతోంది. ఇంకాస్సేపు ఉంటే ఇరవై చీరల నూలు నల్లబడుతుంది, అదీ షావుకారు కళ్ళెదుట.

పది అడుగుల అవతల చిలపలు కడుతున్న భద్రావతి తలెత్తింది.

"నాన్నా, వాచీ కొట్టింది. తియ్యి."

ఆయన చెయ్యి ఒక్క క్షణం ఆగింది. నా అదురు చర్మానికి తెలియాల్సిందే తప్ప చెవికి అందేది కాదు. అంత దూరంలో ఉన్న మనిషికి అది తెలిసే వీలే లేదు. పైగా నేను అదరనే లేదని ఆయన మణికట్టుకు బాగా తెలుసు. అంటే ఈ పిల్లకు అంతా తెలుసు. ఎప్పటినుంచో తెలుసు. నేను దిద్దాననుకున్న రంగులన్నీ పెరట్లో ఆమె దిద్దినవే. ఆయనకూ నాకూ ఈ సంగతి ఒకేసారి తెలిసింది. ఇద్దరిలో నాకే ఎక్కువ సిగ్గేసింది.

చకచకా నూలు తీశారు. షావుకారు, "భలే వాచీ సంపాయించావయ్యా!" అన్నారు. మార్కండేయులు ఝాడించిన చిలపను గుమ్మంలోకి తెచ్చి ఎండకు ఎత్తిపట్టాడు. షెడ్డులో అందరూ ఆ మాట కోసం చూస్తున్నారు. ఆయన చాలాసేపు అలాగే నిలబడి, చెయ్యి దించాడు.

"షావుకారు గారూ, ఇది నాకు నల్లంగా కనపడతంది. నిన్నటిదీ అట్టాగే కనపడింది. రెండేళ్ళ నించీ నాకు నీలం తెలవటం లేదు."

షావుకారు ఒళ్ళోని చిలపను చూసుకున్నారు. "మరి ఇన్నాళ్ళూ వచ్చిన సరుకంతా?"

"మా అమ్మాయి చూసింది. ఆ సంగతి నాకూ ఇప్పుడే తెలిసింది." ఆయన చిలపను కూతురి చేతిలో పెట్టాడు. "నువ్వు చెప్పమ్మా."

ఆ గుమ్మంలో అంతదాకా ఏ ఆడమనిషీ ఆ మాట చెప్పలేదు. భద్రావతి షావుకారు వంక చూసింది. ఆయన మచ్చు చిలపను ముందుకు చాపారు. ఆమె రెండూ పక్కపక్కన ఎండకు పట్టి, అటూ ఇటూ తిప్పి చూసింది.

"కుదర్లేదండీ," అంది. "ఒక పిసరు ముదిరింది. సబ్బునీళ్ళలో ఇంకొక్కసారి తిప్పాల."

రెండేళ్ళుగా భయంతో మార్కండేయులు అనలేకపోయిన మాట అది. షావుకారు కుర్చీ నీడలోకి జరుపుకుని, "అయితే కూర్చుంటాలేమ్మా, కానీ," అన్నారు. మార్కండేయులు తొడుగులు విప్పి, కళ్ళు తుడుచుకుని, పొయ్యిలో కట్టె ఎగదోశాడు. కూతురు అడగకముందే సబ్బునీళ్ళు కాచసాగాడు.

తర్వాతి నెలలో ఒక కంటికి, ఆ పై నెలలో రెండోకంటికి ఆపరేషన్ అయింది. నేను షెడ్డులో మేకుకు వేలాడుతున్నాను, బటన్ పూడుకుపోయి, ఏ లెక్కా లేకుండా. ఇక్కడినుంచి గుమ్మం బాగా కనపడుతుంది. ఇప్పుడు చిలపను తండ్రీకూతుళ్ళిద్దరూ చూస్తారు. ఆయన బాగుందంటాడు, ఆమె లేదంటుంది, కాసేపు వాదించుకుంటారు, నూలు మళ్ళీ నీళ్ళలోకి వెళుతుంది.