అడగకుండా ఇచ్చేసిన కార్డు

సోమవారం పొద్దున గవియోత హోటల్‌ని కూలగొడతారు. అందుకని ఆదివారం మధ్యాహ్నం భోజనానికి పాతవాళ్ళందరినీ రమ్మని నెరేయిదా కబురు పెట్టింది. ముప్పై ఒక్క ఏళ్ళు ఆ హోటల్లో రిసెప్షన్ బల్ల వెనక ఎత్తు స్టూలు మీద కూర్చున్న మనిషి ఆమె. ఇప్పుడు డెబ్బై మూడు నిండాయి. మోకాళ్ళు మొరాయిస్తున్నాయి గానీ నోరు మాత్రం చేరిన రోజు ఎలా ఉందో ఇప్పటికీ అలాగే ఉంది.

పెరట్లో బెల్కిస్ పెద్ద డేగిసాలో సాంకోచో పులుసు ఉడికిస్తోంది. కోడి, మేక, పంది మూడూ పడ్డాయి, పచ్చి అరటికాయ, కర్రపెండలం, గుమ్మడి వేరే. బెల్కిస్ కూడా ఒకప్పుడు ఈ మెట్లెక్కి దిగినదే. ఇప్పుడు బీచి రోడ్డులో ఎంపనాదాల బండి, మాంసం కూరి వేయించే కజ్జికాయల బండి, నడుపుతోంది, మనవలు నలుగురు.

"ఏమే ముసలిదానా, ఇంకా ఆ సొరుగులు తడుముతూనే ఉన్నావా? రేపు ఆ బల్లని కూడా పగలగొడతారంట, తెలుసా?" అని కిటికీలోంచి కేకేసింది.

"పగలగొట్టే ముందు నన్ను లేపమను. నువ్వు ముందు ఉప్పు చూడు, పోయినసారి సముద్రాన్ని తెచ్చి డేగిసాలో పోశావు" అంది నెరేయిదా.

ఆమె తడుముతున్నది మూడో సొరుగు. కార్డుల సొరుగు.

చలిదేశాల మగవాళ్ళు ఆ ఊరికి సముద్రం కోసమే వస్తారని ఎవరైనా అంటే ఆ సముద్రమే నవ్వుతుంది. పక్క పట్నం పుయెర్తో ప్లాతాలో విమానం దిగేవాళ్ళు, టాక్సీలో ఇటు వచ్చేవాళ్ళు, సాయంత్రానికల్లా పక్కన ఒకమ్మాయి ఉండేది. అందులో దాపరికం ఏమీ లేదు, గొప్పా ఏమీ లేదు. ఊళ్ళో సగం ఇళ్ళకి రేకులు ఆ దారిలోనే పడ్డాయి. హోటళ్ళన్నిటికీ ఒకటే కట్టుబాటు. గదికి వెళ్ళే అమ్మాయి తన గుర్తింపు కార్డు రిసెప్షన్‌లో ఇచ్చి వెళ్ళాలి. పద్దెనిమిది నిండనిదైతే గేటు దగ్గర్నుంచే వెనక్కి. కిందికి వచ్చాక, గదిలో ఉన్న దొర ఫోన్ చేసి అంతా సవ్యంగానే ఉందని చెబితేనే కార్డు తిరిగి ఆమె చేతికి వస్తుంది. పర్సు పోయినా, మత్తుమందు కలిపిన తాగుడుతో దొర పడిపోయినా, కార్డు మీద అమ్మాయి ఊరూ పేరూ ఉంటాయి గదా. దొరగారు క్షేమంగా ఉండాలి. అమ్మాయి క్షేమం సంగతి ఆ కట్టుబాటు పెట్టినవాళ్ళకి తట్టలేదు. నిజం చెప్పాలంటే చాలాకాలం నెరేయిదాకీ తట్టలేదు.

మిగతా హోటళ్ళలో ఫోన్లో ఒక మూలుగు వినిపించినా సరిపోయేది. గవియోతలో అలాంటి పప్పులుడకవు, మాట స్పానిష్‌లో సరిగ్గా చెప్పాల్సిందే. నెరేయిదా అంతకుముందు ఊరి బళ్ళో చిన్నపిల్లలకి చదువు చెప్పింది. ఆ గుణం ఎక్కడికి పోతుంది? రోజూ నాలుగింటికి వరండాలో ఊగుడు కుర్చీలు వరసగా వేయించి దొరలకి స్పానిష్ నేర్పేది. మొదటిరోజు ప్రతివాడూ అడిగేది ఒకటే, అమ్మాయితో తీయగా ఏమనాలని.

"తీయగా తర్వాత. ముందు బతికి బట్టకట్టడం నేర్చుకో" అనేది ఆమె.

పాఠాలు ఇలా ఉండేవి: బండెక్కే ముందే కిరాయి ఎంతో చెప్పు. సీసా మూత నా కళ్ళముందే తియ్యి. నాకు తొందరేం లేదు. వద్దంటే వద్దు. నేను హోటల్‌కి వెళ్ళిపోతున్నాను. బంగారు గొలుసు గదిలో పెట్టి రా, గడియారం కూడా. నెత్తిమీద చెమట, చేతిలో చల్లటి బీరు, బట్టతల దొరలు బడిపిల్లల్లా రాగం తీసి చదువుతుంటే, పిట్టగోడ మీద కూర్చున్న అమ్మాయిలు కడుపులు పట్టుకుని నవ్వేవాళ్ళు. పక్కింట్లో అరటికాయ ముక్కలు వేగుతుండేవి. వీధి చివర దామినో బిళ్ళలు బల్లమీద టకటకమని పడేవి. ఇప్పుడా వరండాలో సిమెంటు బస్తాలున్నాయి. నెరేయిదా వాటివైపు చూడకుండా మళ్ళీ సొరుగులోకి చూసింది. ఆ రోజులు మంచివని ఆమె ఎవరితోనూ అనలేదు. కానీ ఆ నాలుగింటి ఎండ మాత్రం ఇంకోసారి కావాలనిపించింది.

అందరికంటే లోర్న్ గుర్తొస్తాడు. కెనడాలో పోస్ట్‌మాన్‌గా చేసి వచ్చినవాడు. అతనికి ఫోనంటే నమ్మకం లేదు. అంతా బాగుందని చెప్పడానికి బనీను మీదే మెట్ల మధ్యకి వచ్చి, ఊరంతా వినేలా అరిచేవాడు. ఆరేళ్ళకి స్పానిష్ బాగా వచ్చింది. అదే అతని కొంప ముంచింది. పిట్టగోడ మీద అమ్మాయిలు తన గురించి ఏమనుకుంటున్నారో, ఇంట్లో ఏ బిడ్డకి జ్వరమో, ఎవరికి నిద్ర లేదో, అన్నీ అర్థమైపోయేవి. ఆ తర్వాత ఒక్క అమ్మాయినీ పైకి తీసుకెళ్ళలేదు. ప్రతి జనవరిలో వచ్చేవాడు, వీధి చివర ముసలాళ్ళతో దామినో ఆడుకుని వెళ్ళిపోయేవాడు. చనిపోయాడని కూతురు ఉత్తరం రాసింది.

ఇంకొకడు కూడా గుర్తొస్తాడు. వారెన్.

ఆమె దగ్గర చదువుకున్నవాళ్ళలో వారెన్‌ని మించినవాడు లేడు. మూడు చలికాలాలకే కోర్టు గుమాస్తాలా మాట్లాడేవాడు. తప్పు దిద్దితే లేచి నిలబడి థాంక్స్ చెప్పేవాడు. ఒక ఏడాది ఆమెకి లావుపాటి నిఘంటువు బహుమతిగా తెచ్చాడు. ఆమె పొంగిపోయింది. వచ్చినవాళ్ళందరికీ దాన్ని చూపించి, నా శిష్యుడంటే వీడూ, అని చెప్పుకుంది. ఇరవై ఆరేళ్ళుగా ఆ నిఘంటువు ఊగిపోయే బల్ల కాలు కింద ఉంది. తెరిచింది లేదు.

పన్నెండున్నరకి జనం రావడం మొదలైంది. పట్నం నుంచి కొందరు, చుట్టుపక్కల ఊళ్ళనుంచి కొందరు. ఒళ్ళు చేసినవాళ్ళు, జుట్టు నెరిసినవాళ్ళు, ఒకామె కూతురి పెళ్ళి ఫొటోలు తెచ్చింది. కౌగిలింతలు, కేకలు, ముద్దులు. "నీకు ఇంకా పళ్ళున్నాయే!" అని ఒకామె అంటే, "ఉన్నవి నావి కాదులే" అని ఇంకొకామె. ఎవరు ఏ గదికి భయపడేవాళ్ళో, ఎవరి దొర నిద్రలో ఏడ్చేవాడో, అన్నీ బయటికొచ్చాయి.

అప్పుడు ఒక ఎర్రకారు వచ్చి ఆగింది. అందులోంచి యొకాస్తా దిగింది.

రమ్మని కబురు పంపింది నెరేయిదాయే. వస్తుందని మాత్రం అనుకోలేదు. ఇరవై నాలుగేళ్ళ పిల్లగా వెళ్ళిపోయింది, యాభై ఏళ్ళ మనిషిగా వచ్చింది. శాంతియాగో పట్నంలో రెండు బ్యూటీ పార్లర్లున్నాయట. పసుపు పూల గౌను, చక్కగా దువ్విన జుట్టు. కింది పెదవి మీద తెల్లటి సన్నగీత. తెలిసినవాళ్ళు చూస్తేనే కనిపిస్తుంది.

"దోన్యా! ఏం చిక్కిపోయారండీ!" అని, ఒకప్పుడు అమ్మాయిలందరూ పిలిచిన గౌరవపు పిలుపుతోనే వచ్చి గట్టిగా వాటేసుకుంది. "ఈ బెల్కిస్ మీకు తిండి పెట్టట్లేదా?"

"పెడితే తింటుందా? నోరు ఖాళీ ఉండాలి గదా, తిట్టడానికి!" అంది బెల్కిస్ గరిటె ఊపుతూ.

అందరూ తిన్నారు. రెండోసారి పెట్టించుకున్నారు. కాఫీలు వచ్చాక యొకాస్తా చెంచాతో కప్పు మీద కొట్టి లేచి నిలబడింది.

"అందరూ వినండే. మీకందరికీ 'నెరేయిదా ప్రశ్న' తెలుసు. దానివల్ల ఎవరికెంత మేలు జరిగిందో మీకే తెలుసు. నాకు మాత్రం అది అందలేదు, అది మొదలయ్యే వారం ముందే నేను ఊరొదిలేశాను. ఎందుకొదిలానో ఈ రోజు చెబుతాను. పన్నెండో గదిలో ఆ వారెన్ నన్ను కొట్టాడు. పెదవి చిట్లింది. కింద దోన్యా నాకు కార్డిచ్చారు. నేను తలొంచుకుని, ముఖానికి గుడ్డ అడ్డం పెట్టుకుని ఉన్నాను, ఆమెకి కనపడలేదు. కనపడి ఉంటే వాణ్ణి ఆ మెట్లమీదే చీరేసేవారు! ఇన్నేళ్ళూ నేను అదే అనుకుని బతికాను. ఆ ఒక్కావిడ చూసుంటే నా పక్కన నిలబడేవారని. అందుకే వచ్చాను, థాంక్స్ చెప్పాలని."

చప్పట్లు మోగాయి. ఒకరిద్దరు కళ్ళు తుడుచుకున్నారు. బెల్కిస్ శిలువ గుర్తు వేసుకుంది.

నెరేయిదా చప్పట్లు కొట్టలేదు.

ఇరవై ఆరేళ్ళ కిందట ఆ పొద్దుట ఎనిమిదింటికి ఫోన్ మోగింది. "అంతా సవ్యంగా ఉంది సెన్యోరా, ఆవిడ సంతోషంగా కిందికి వస్తున్నారు." వారెన్ స్పానిష్‌లో ఒక్క తప్పు లేదు. బల్ల మీద చెయ్యి పెట్టుకుని, ఎంత బాగా అన్నాడని నెరేయిదా మురిసిపోయింది కూడా. అప్పుడు యొకాస్తా వచ్చింది, ఒక చెప్పు కాలికి, ఒకటి చేతిలో. అడ్డం పెట్టిన గుడ్డ మీద ఎర్రగా మరక. గుడ్డ జారింది. పెదవి కనపడింది. స్నానాలగదిలో జారిపడిందేమో అనుకుందామని నెరేయిదా ప్రయత్నించింది, కుదరలేదు. అయినా కట్టుబాటు తీరింది, దొర చెప్పాల్సిన మాట చెప్పాడు. మూడో సొరుగు తీసి కార్డు బల్లమీద పెట్టి, వెనకున్న అమ్మాయితో "ఊ, నువ్వు రా" అంది. అంతే. మధ్యాహ్నం వారెన్ పెట్టె సర్దుకుని, వంగి నమస్కారం చేసి వెళ్ళాడు. అతనితోనూ ఒక్క మాట అనలేదు.

ఆ వారమంతా అన్నం సహించలేదు. ఎనిమిదో రోజునుంచి పద్ధతి మార్చింది. అమ్మాయి కార్డు పక్కనే దొర పాస్‌పోర్టు కూడా సొరుగులోకి రావాలి. ఫోన్లో దొర ఏమన్నా సరే, కార్డిచ్చే ముందు అమ్మాయి కళ్ళలోకి చూసి, "అంతా బాగానే ఉందా, బిడ్డా?" అని అడగాలి. ఆమె లేదని అంటే పాస్‌పోర్టు కదలదు, పోలీసు వస్తాడు. ఊళ్ళో దానికి 'నెరేయిదా ప్రశ్న' అని పేరొచ్చింది. దొరలు గొణిగారు, యజమాని చిందులు తొక్కాడు, ఆమె చెవిన పెట్టలేదు. మరుసటేడు గది కావాలని వారెన్ రాస్తే, ఈ చలికాలమే కాదు, రాబోయే ఏ చలికాలమూ నీకు ఇక్కడ గది లేదని అతనికి తాను నేర్పిన స్పానిష్‌లోనే జవాబు రాసింది. ఎందుకు మార్చావని ఎవరడిగినా, ముసలితనం అనేది. ఆ మార్పుకి అందరూ ఆమెని మెచ్చుకున్నారు. మెచ్చుకున్న ప్రతిసారీ ఆమెకి తల కొట్టేసినట్టయ్యేది.

ఇప్పుడు నోరు మూసుకుంటే సరి. రేపు పొద్దున బల్ల ఉండదు, సొరుగు ఉండదు, పన్నెండో గది ఉండదు. యొకాస్తా ప్రేమ మాత్రం ఉంటుంది, చచ్చేదాకా. అది పోగొట్టుకోవడం ఆమెకి ఇష్టం లేదు. వద్దు, ఊరుకో, అని మనసు బతిమాలింది.

కుర్చీ పట్టుకుని లేచింది.

"చూశాను" అంది.

"ఏంటి దోన్యా?"

"నీ పెదవి చూశాను, బిడ్డా. గుడ్డ జారింది. రక్తం చూశాను. వాడు చేశాడని నాకు తెలుసు. తెలిసే కార్డిచ్చి పంపేశాను. వాడు మాట బాగా చెప్పాడని... చూడలేదని నువ్వనుకుంటున్నావు. చూశాను."

యొకాస్తా ముఖంలో రంగు దిగిపోయింది. కప్పు బల్లమీద పెట్టి, హ్యాండ్‌బ్యాగు భుజానికి తగిలించుకుని, వరండా దాటి లోపలికి నడిచింది. కారు వైపు వెళుతుందనుకున్నారు అందరూ. కారు ఉన్నది అటు కాదు.

నెరేయిదా కుంటుకుంటూ వెనకే వెళ్ళింది. యొకాస్తా రిసెప్షన్ బల్ల ముందు నిలబడి ఉంది, ఒకప్పుడు నిలబడిన చోటే. బ్యాగులోంచి తన కార్డు తీసి బల్లమీద పెట్టింది, నెరేయిదా వైపుకి జరిపింది.

"ఎక్కి కూర్చోండి" అంది.

"బిడ్డా, నేను..."

"ఎక్కి కూర్చోండి దోన్యా. ఆ తర్వాత వచ్చిన ప్రతి పిల్లనీ అడిగారట. ఇరవై ఏళ్ళు అడిగారట. నన్ను మాత్రం అడగలేదు. ఇప్పుడు అడగండి."

నెరేయిదా ఎత్తు స్టూలు ఎక్కడానికి చాలాసేపు పట్టింది. సాయం చెయ్యడానికి యొకాస్తా చెయ్యి చాపలేదు. కార్డు మీద యాభై ఏళ్ళ ముఖం ఉంది. నెరేయిదా దాన్ని రెండు చేతులతో పట్టుకుని, తలెత్తి ఆమె కళ్ళలోకి చూసింది. అంత కష్టమైన చూపు ఆమె జన్మలో చూడలేదు.

"అంతా బాగానే ఉందా, బిడ్డా?"

యొకాస్తా కింది పెదవి వణికింది, తెల్లగీత ఉన్నచోటే.

"లేదు దోన్యా" అంది. "బాగాలేదు."

ఈసారి నెరేయిదా కార్డిచ్చి పంపెయ్యలేదు. స్టూలు దిగి బల్ల చుట్టూ తిరిగి ఆమె దగ్గరికి వచ్చింది.