నుసుముకు పెట్టే పేరు

అంచెట్టి కొండల్లో మల్లనదొడ్డి చిన్న పల్లె. ఆ పల్లెలో వెంకటేశప్ప గొర్రెలు మేపుకుని బతికే మనిషి. సోమవారం ఒక్కపొద్దు విడవడు, మల్లప్పకు దండం పెట్టకుండా మంద విప్పడు. అలాంటివాడికి ఆ వారం దండం పెడుతున్నా మనసు నిలవలేదు. కారణం ఒక నుసుము, దోమకన్నా చిన్న పురుగు.

హోసూరు కాలేజీలో పురుగుల మీద పరిశోధన చేసే దివ్యశ్రీ, వానలు మొదలైనప్పుడు వచ్చి, అతని గొర్రెల దొడ్డిలో ఊదారంగు లైటు కట్టింది. లైటు కింద చిన్న ఫ్యాను, దాని కింద పురుగులు పడే సీసా. వచ్చినప్పుడల్లా పొద్దు గూకితే కట్టడం, తెల్లారితే లైటూ సీసా తీసుకుపోవడం. అన్నాళ్లూ వెంకటేశప్ప పట్టించుకోలేదు. ఒకరోజు ఆమె ముఖమంతా నవ్వుతో వచ్చింది.

"అప్పా, మీ దొడ్డిలో దొరికిన నుసుము లోకంలో ఇంతవరకు ఎవరూ గుర్తించనిది. దానికి మీ ఊరి పేరే పెడతా ఉండాను."

అతని భార్య ఆదిలక్ష్మమ్మ చేట పక్కన పెట్టి నవ్వింది. "మా ఊరికి బస్సు రాకపోయినా పేరొచ్చె."

వెంకటేశప్ప నవ్వలేదు. "గొర్రెలకు మూతివాపు తెచ్చేది ఇదేనా అమ్మా?"

"ఆ జబ్బును మోసేవి నుసుముల్లో కొన్ని రకాలే. ఇది మోస్తాదో లేదో నాకు తెలీదప్పా. ఇంకా ఎవరూ చూడలేదు."

తెలియదట. గొర్రెల మందులు అమ్మేవాడు కూడా ఏనాడూ తెలియదనడే. ఇంత చదివిన పిల్లకు తెలియకపోవడమేమిటి? ఏదో దాస్తోంది అనుకున్నాడు.

రెండేళ్ల కిందట పక్క లోయలో ఒక పల్లెకు ఆ జబ్బు తగిలింది. మూతులు వాచి, నాలుకలు నీలంగా మారి గొర్రెలు చచ్చాయి. జబ్బు పోయింది గానీ ఆ పల్లెకు వచ్చిన చెడ్డపేరు పోలేదు. ఇప్పటికీ సంతలో బేరగాడు పొట్టేలు పళ్లు చూడకముందే ఊరడుగుతాడు. ఆ పల్లె పేరు వినబడితే పట్టుకున్న తాడు వదిలేస్తాడు. ఇక పురుగుకే ఊరి పేరు పెడితే, మల్లనదొడ్డి మందను ఎవడు కొంటాడు?

రెండు రోజులు నలిగి, మూడోరోజు హోసూరు బయలుదేరాడు.

"కొట్లాడేదానికి పోతావా, అడిగేదానికా?" అంది ఆదిలక్ష్మమ్మ.

"చూసేదానికి."

దివ్యశ్రీ అతన్ని సూక్ష్మదర్శిని ముందు కూర్చోబెట్టింది. అద్దంలో బూడిదరంగు రెక్క ఒకటే కనబడింది.

"తక్కినదంతా యాడ?"

"తల ఇంకో గాజుపలక మీద ఉంది. కాళ్లు వేరే."

"మా ఇళ్లలో బిడ్డ బతికుండంగానే పేరు పెడతామమ్మా. ముక్కలు చేసి పెట్టేది ఈడనే చూస్తి."

ఆమె నవ్వేసింది. అతను మళ్లీ అద్దంలోకి వంగాడు. రెక్క మీద తెల్లని మచ్చలు వరసగా, గుడిగోడకు సున్నంతో పెట్టిన చుక్కల్లా ఉన్నాయి. కంటికి ఆననిదానికి ఇంత పనితనం పెట్టిన దేవుడు, దాని నోటికి నా గొర్రెలనే ఎందుకు చూపించాడు అనిపించింది. దేవుణ్ణి అడగదగ్గ ప్రశ్నేనా అని కాస్త జంకాడు కూడా.

తరువాత తన భయమంతా చెప్పాడు. ఆమె మధ్యలో అడ్డు రాకుండా వింది.

"అయ్యో, నేను ఇది ఆలోచించలేదప్పా. పేరు మారుస్తాను. ఈ మచ్చలను బట్టి పెడతాను."

ఇంత సులభంగా ఒప్పుకునేసరికి అతనికి అనుమానం ఇంకా పెరిగింది. "అయితే మా ఊరి పేరు యాడా రాయవు గదా?"

"పేరులో ఉండదు. కానీ యాడ దొరికిందో రాయాల. మల్లనదొడ్డి, గొర్రెల దొడ్డి అని."

"అంచెట్టి అని రాయి. పెద్దూరు, ఎవురి గొర్రెలకూ నష్టం లేదు."

"దొరికింది అంచెట్టిలో కాదు గదప్పా."

"ఒక మాటే కదమ్మా. మా ఇంటి కూడు సంతలో ఉంది."

దివ్యశ్రీ గాజుపలకను డబ్బాలో పెట్టింది. "మీ బాధ తెలుస్తా ఉంది. అయినా రాయలేను. రేపు ఇంకొకరు దీన్ని వెతుక్కుంటా వస్తే తప్పుచోటికి పోతారు."

"అట్లయితే మా దొడ్డికి ఇంక లైటు తేవద్దు."

"ఇంతవరకు దొరికినవన్నీ ఆడవే. మగది దొరకకపోతే నా వివరణ సగంలో ఆగిపోతాది. అయినా మీరు వద్దంటే రాను."

అతను చెప్పులేసుకుని వచ్చేశాడు.

డెంకణికోట దాటి బస్సు అడవి దారిలో పడింది. కోపం కొంచెం కొంచెంగా దిగింది. అంచెట్టి అని రాస్తానంటే తను లైటు కట్టనిచ్చేవాడు, మగనుసుము ఆమెకు దొరికేది, తనకూ తృప్తి. తన పనే ఆగిపోతున్నా ఒక ఊరి పేరు మార్చి రాయని మనిషి, ఆ రోజు "తెలీదు" అన్నది మాత్రం అబద్ధమెందుకు అవుతుంది? అంటే నిజంగానే తెలియదు. ఆమెకే తెలియకపోతే, ఆ పురుగు ఇప్పుడు దొడ్డిలో ఏం చేస్తోందో ఎవరికి తెలుసు? ఇన్నాళ్లూ తను అనుమానించింది ఆమెను. దాన్ని కాదు.

ఇంటికి రాగానే ఫోను చేశాడు.

"అమ్మా, లైటు తీస్కోని రా. ఊరు ఉన్నదున్నట్టే రాసుకో. ఒకటే మాట. అది జబ్బు మోస్తాదని తేలితే ముందు నాకు చెప్పాల. నేను మందను సంతకు తోలకముందే."

"చెప్తానప్పా. అది తేలేదానికి చాలా కాలం పడుతుంది. తేలకనే పోవచ్చు కూడా."

"తేలకపోతే తేలలేదనే చెప్పు."

ఆదిలక్ష్మమ్మ రాగిముద్ద తిప్పుతూ అడిగింది. "మొత్తానికి నమ్మినావా ఆ పిల్లను?"

"యాడ నమ్మినాను. లైటు కట్టినప్పుడు నేనూ దొడ్డిలోనే కూర్చుంటా. సీసాలో ఏం పడతాదో చూస్తా."

"కూర్చో కూర్చో. గొర్రెలను విడిచిపెట్టి నిన్ను కుడతాయి."

అతను దొడ్డిలోకి పోయాడు. ఇంకా వెలుతురు ఉంది. పెద్ద పొట్టేలు మూతిని రెండు చేతులా పట్టి, పడమటి వైపు తిప్పి, నోరు తెరిచి నాలుక చూశాడు. ఎర్రగానే ఉంది. దాన్ని వదిలి, పక్కదాన్ని పట్టుకున్నాడు.