ఎక్కడో విన్న మాట

“క్లాసయ్యేదాకా మిక్సీ వేయకు,” అని చెప్పి భర్త ముందుగది తలుపు దగ్గరగా వేసుకున్నాడు. ఆయన ఒక పెద్ద కంపెనీలో కంప్యూటర్ సర్వర్లు చూసే విభాగానికి అధికారి. కొత్తగా చేరినవాళ్ళకి సెలవురోజుల్లో ఇంట్లోంచే ఆన్‌లైన్‌లో పాఠం చెబుతాడు. ఆమె మిక్సీ జార్ పక్కన పెట్టి, రుబ్బాల్సిన ఉల్లిపాయల్ని చాకుతోనే సన్నగా తరగడం మొదలుపెట్టింది. తలుపు పూర్తిగా పడలేదేమో, పాఠమంతా వంటింట్లోకి వినబడుతోంది.

“మౌస్ పక్కన పెట్టేయండి. నల్లటి తెర, దానిమీద మిణుకుమనే గీత, అంతే. కంగారు పడకండి. ముందు పీడబ్ల్యూడీ అనే కమాండు కొట్టి ఏ ఫోల్డర్లో ఉన్నారో చూసుకోండి. నిద్రలో లేచినప్పుడు ఏ గదిలో ఉన్నామో తడుముకుంటాం చూడండి, అలాగన్నమాట. తర్వాత ఎల్ఎస్ కొడితే లోపల ఏమేం ఉన్నాయో కనబడతాయి. గిన్నె మూత తీసి చూడ్డం లాంటిది.”

చాకు ఆగింది. ఆ గిన్నె మూత పోలిక ఆమెది.

పెళ్ళికి ముందు ఇద్దరిదీ ఒకే ఆఫీసు. సర్వర్లు చూసేది ఆమె. ఆయన కింది అంతస్తులో ఫోన్లెత్తి ఫిర్యాదులు రాసుకునేవాడు. ఆ పని మొహం మొత్తి, “నాకూ నేర్పవా” అని అడిగితే, పెళ్ళయిన కొత్తలో తిన్న కంచాలు పక్కకి జరిపి ఆ బల్ల మీదే నేర్పింది. అప్పట్లో ఆయన్ని నువ్వు అనేది. “మొగుణ్ణి పట్టుకుని నువ్వు ఇది కొట్టు, నువ్వు అది కొట్టు అంటావేంటమ్మా, వినేవాళ్ళకి బాగుండదు,” అని అత్తగారు నవ్వుతూనే అన్నారు. ఆమె కూడా నవ్వుతూనే మీరులోకి మారిపోయింది. తర్వాత ఆయనకి సర్వర్ల పని దొరికింది, పాప పుట్టింది. “ఇద్దర్లో ఎవరో ఒకరు ఆగాలి కదా,” అన్నాడాయన. ఎవరో ఒకరంటే ఎవరని ఆ ఇంట్లో ఎవరూ అడగలేదు. ఆమె కూడా అడగలేదు. పైగా, “నాకేం, వచ్చిన పని ఎక్కడికి పోతుంది, ఎప్పుడైనా చేరొచ్చు,” అని తనే అంది. అది తలుచుకున్నప్పుడల్లా ఆమెకి భర్త మీద కోపం రాదు. అంత ధీమాగా ఆ మాట అన్న పిల్ల మీద జాలేస్తుంది. పక్కన ఎవరైనా ఉండి ఆ పిల్లని ఒక్క క్షణం ఆపి ఉంటే బాగుండేదనిపిస్తుంది.

“ఇక ఆర్ఎం, చెరిపేసే కమాండు,” ముందుగదిలో గొంతు కాస్త పెరిగింది. “ఇక్కడ చెత్తబుట్ట ఉండదు, పోతే పోయినట్టే. ఎంటర్ నొక్కేముందు రాసింది మళ్ళీ చదువుకోండి. కూరలో ఉప్పు పడ్డాక ఏరలేం.”

నవ్వులు వినిపించాయి. ఒక అమ్మాయి గొంతు అడిగింది: “సార్, మీరు వంట బాగా చేస్తారా?”

“అబ్బే, నాకు స్టవ్ వెలిగించడం కూడా రాదమ్మా.”

“మరి ఈ ఉప్పు సంగతి మీకెవరు చెప్పారు సార్?”

వంటింట్లో ఆమె తలుపు వైపు తిరిగింది. ఎవరబ్బా, అని ఆయన నిజంగానే గుర్తు చేసుకోబోయాడు.

“ఎక్కడో విన్నాలే అమ్మా,” అన్నాడు.

భోజనాల దగ్గర ఆమె కూర వడ్డిస్తూ, “ఉప్పు గురించి బాగా చెప్పారు,” అంది.

“కదూ? అందరికీ పట్టేసింది.” ఆయన మొహం వెలిగింది. “పాత ఆఫీసులో ఎవరో అంటుండేవాళ్ళు. ఇంకాస్త వెయ్యి.”

ఆయన అబద్ధమాడి ఉంటే ఆమె గొడవ పడగలిగేది. ఆయన మరిచిపోయాడు. ఇన్నేళ్ళూ తను గుర్తు చేయకపోవడం వల్లనే మరిచిపోయాడు. దాచిపెట్టినవాణ్ణి నిలదీయొచ్చు, మరిచిపోయినవాణ్ణి ఏమని నిలదీయాలో ఆమెకి తోచలేదు.

గిన్నెలు సింకులో అలాగే వదిలేసి, పాప హోంవర్కుకి వాడే పాత కంప్యూటర్ ముందు కూచుంది. అందులో ఆయన పేరు మీద ఒక అకౌంటు, పాప పేరు మీద ఒకటి ఉన్నాయి. ఆమె నల్ల తెర తెరిచి కొత్త అకౌంటు కోసం కమాండు కొట్టింది. చేతులు ముందు తడబడ్డాయి, తర్వాత సర్దుకున్నాయి.

మంచినీళ్ళకని వచ్చిన భర్త వెనకాల నిలబడ్డాడు. “ఏంటిది? నా అకౌంటు వాడుకోవచ్చుగా, పాస్‌వర్డు నీకు తెలుసుగా.”

“మీది నాకు తెలుసు. నాది నాకొక్కదానికే తెలియాలి.”

“ఇప్పుడెందుకు?”

“ఉద్యోగం వెతుక్కుంటాను.”

ఆయన నవ్వలేదు, విసుక్కోనూ లేదు. ఎంతో ఆప్యాయంగా భుజమ్మీద చెయ్యి వేశాడు. “ఇన్నేళ్ళయింది కదా, అన్నీ మరిచిపోయుంటావు. పోనీ నా క్లాసులో కూచో. మొదట్నించీ చెబుతాను.”

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తెర మసకబారితే కొంగుతో కళ్ళు తుడుచుకుంది. “మీ క్లాసు వద్దు. రేపట్నించీ పాపని బడి నుంచి మీరు తీసుకురండి, అది చాలు,” అంది.

కొత్త అకౌంటు కోసం తెర మీద ప్రశ్నలు ఒక్కొక్కటే వచ్చాయి. పూర్తి పేరు అడిగితే రాసింది. తర్వాతి ప్రశ్న ఆఫీసు ఫోన్ నంబర్. ఆమె వేళ్ళు ఆగాయి. ఏమీ రాయకుండా ఎంటర్ నొక్కింది. ఆ ఖాళీని తర్వాత నింపుకోవచ్చు, దానికి వేరే కమాండు ఉంది. అది ఆమె ఆయనకి నేర్పలేదు.