ఎదురు కుర్చీ

"నువ్వు ఊరికే కూర్చో. మాట్లాడేదంతా నేను చూసుకుంటా," అన్నాడు భవానీప్రసాద్, గోరుచిక్కుళ్ళ పీచు తీస్తున్న భార్యతో. ఊరికే కూర్చోవడమనే పని ఇరవైరెండేళ్ళ కాపరంలో భారతీదేవికి ఒక్కరోజు కూడా దొరకలేదు. అందుకని ఆ మాట వినగానే కాస్త ముచ్చటేసింది. అతను చెబుతున్నది టీవీలో జరగబోయే చర్చ గురించి అని తర్వాత అర్థమైంది.

రెండువేల ఐదులో జగ్గయ్యపేట మునిసిపాలిటీకి ఎన్నికలొచ్చాయి. భవానీప్రసాద్ పదేళ్ళుగా కన్నేసి ఉంచిన వార్డు ఆడవాళ్ళకి రిజర్వయింది. రెండు రోజులు అతనికి అన్నం సయించలేదు. మూడోరోజు పార్టీవాళ్ళెవరో, "మీ ఆవిడ పేరు పెట్టెయ్యండి, పని మీరే చేసుకోండి," అన్నాక ఆకలి తిరిగొచ్చింది. నామినేషను కాగితాలు తమ స్టీలు సామాన్ల కొట్టులోకే పట్టుకొచ్చి, "ఇక్కడ, ఇక్కడ, మళ్ళీ ఇక్కడ," అని వేలు పెట్టి చూపించాడు. ఆ సమయానికి ఆమె ఒక పెళ్ళివారికి స్టీలు బిందెలు చూపిస్తోంది. సంతకాలు పెట్టేసి మళ్ళీ బిందె అందుకుంది. బిందెని వేలితో ఒక్కసారి మీటి అడుగు ఎంత మందమో చెప్పగలిగిన మనిషి, తాను దేనిమీద సంతకం పెట్టిందో చదవలేదు. సాయంత్రం అది గుర్తొచ్చి తనమీద తనకే చిరాకేసింది. వ్యాపారం తెలిసినవాళ్ళు చెయ్యవలసిన పని కాదది.

వ్యాపారం తెలిసింది ఆమెకే. బోర్డు మీద పేరు భవానీప్రసాద్‌ది. పొద్దున తలుపులు తీసేది, సరుకు ఎంచేది, బేరం తెంచేది భారతీదేవి. అతను పదకొండింటికి వచ్చి, కాసేపు కూర్చుని, పార్టీ ఆఫీసుకి వెళ్ళిపోయేవాడు. అయినా పెనుగంచిప్రోలు నుంచి వచ్చిన రైతు గంటసేపు ఆమెతో బేరమాడి, చివర్లో, "మగవాళ్ళెవరన్నా ఉంటే పిలువమ్మా, రేటు ఖాయం చేసుకుందాం," అనేవాడు. ఆ పూట భర్త ఉంటే అతను వచ్చి, ఆమె చెప్పిన రేటే కాస్త గొంతు పెంచి చెప్పేవాడు. రైతు ఒప్పుకునేవాడు. ఇంట్లోనూ అదే తంతు. "ఇద్దరు మగవాళ్ళు మాట్లాడుకుంటుంటే మధ్యలో నీకేం పని," అని అత్తగారు కమలాంబ కొత్తల్లో అన్న మాట, "నీకు తెలియదులే," అని భర్త రోజూ అనే మాట, ఇలాంటివి ఆమె ఎన్నడూ కాదనలేదు. కాదని పోట్లాడితే ఒక పూట పోతుంది, ఆ పూటలో నాలుగు బిందెలు అమ్ముకోవచ్చు అనుకునేది. చాలా ఏళ్ళు అది గిట్టుబాటు బేరంలాగే కనిపించింది. సంతకాలు పెట్టిన రోజు నుంచి మాత్రం, తానేమైనా మరీ చవకగా అమ్ముడుపోయిందా అన్న అనుమానం పట్టుకుంది.

ఊళ్ళో కేబుల్ నడిపే చిన్నబాబు ఈసారి కొత్త ఆలోచన చేశాడు. ఒక్కో వార్డులో పోటీ చేసేవాళ్ళని ఎదురెదురుగా కూర్చోబెట్టి, వాళ్ళ చర్చని లైవ్‌లో ఇంటింటికీ చూపిస్తానన్నాడు. నడిపించడానికి నందిగామ కాలేజీలో సివిక్స్ చెప్పి రిటైరైన దశరథరామయ్య గారిని ఒప్పించాడు. ఆయన చర్చలు మొదలవక ముందే ఒకసారి కేబుల్లో కనిపించి, "కొన్ని దేశాల్లో దేశాధ్యక్షుడవ్వాలనుకునేవాళ్ళు కూడా ఇట్లా ఎదురెదురుగా నిలబడి జవాబు చెబుతారు. మన దగ్గర మైకు ముందు నాయకుడొక్కడే ఉంటాడు, ఎదురు ప్రశ్న ఉండదు. ప్రశ్న లేని చోట ఓటు వేసేవాడికి పోల్చి చూసుకునే వీలెక్కడిది?" అన్నారు. కొట్టులో ఉన్న చిన్న టీవీలో ఆ మాట విని భారతీదేవి తలూపింది. రెండు గిన్నెలు పక్కపక్కన పెట్టకుండా ఏది మంచిదో తేల్చుకోమంటే తన కొట్టుకి ఎవరొస్తారు?

చర్చకి అభ్యర్థి రావచ్చు, లేదా అభ్యర్థి తరఫున ఒకరు రావచ్చు. ఎదుటి పక్షం అభ్యర్థి ఆరోగ్యమ్మ, ముప్ఫై ఏళ్ళు ఆస్పత్రిలో నర్సుగా చేసిన మనిషి. ఆవిడ తరఫున ఆవిడ భర్త, రిటైర్డ్ హెడ్మాస్టరు ప్రేమదాసు మాట్లాడతారని తెలిసింది. భవానీప్రసాద్‌కి గుబులు పట్టుకుంది. హెడ్మాస్టర్ల ముందు అతనికి చిన్నప్పటి నుంచీ నోరు పెగలదు.

"నువ్వు ప్రేమదాసు అనుకో. నన్ను ప్రశ్నలడుగు. గట్టిగా అడుగు," అన్నాడు భార్యతో.

భారతీదేవి చిక్కుళ్ళ పళ్ళెం పక్కన పెట్టింది. గొంతు సవరించుకుంది. "భవానీప్రసాద్ గారూ," అంది.

వంటింట్లోంచి కమలాంబ పరిగెత్తుకొచ్చింది. ఆ ఇంట్లో కోడలి నోట ఆ పేరు రావడం అదే మొదలు. "ఏందే, మొగుణ్ణి పేరు పెట్టి పిలుస్తున్నావు?"

"నేను కాదత్తయ్యా. ప్రేమదాసు గారు పిలుస్తున్నారు."

కమలాంబ కొడుకు వంక చూసింది. అతను తలూపాడు. "అట్టయితే సరే," అని ఆవిడ అక్కడే పీట వాల్చుకుంది.

"భవానీప్రసాద్ గారూ, మన వార్డులో కుళాయి ఎన్నింటికి వస్తుంది?"

"పొద్దున."

"పొద్దున ఎన్నింటికండీ?"

"అది... ఒక్కోరోజు ఒక్కోలా వస్తుంది."

"నిన్న ఎన్నింటికి వచ్చింది? మీ ఇంట్లో ఎవరు పట్టారు?"

"అది ఇంటి విషయం."

"కుళాయి మునిసిపాలిటీది కదండీ."

కమలాంబ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. భవానీప్రసాద్ చెమట తుడుచుకుని, "ఇట్టా అడుగుతాడంటావా ఆయన?" అన్నాడు. "ఇంతకంటే గట్టిగా అడుగుతాడండి. హెడ్మాస్టరు కదా," అంది ఆమె.

నాలుగు సాయంత్రాలు అలా జరిగింది. భారతీదేవి జన్మలో అంత సరదా పడలేదు. పగలు కొట్టులో గరిటెలు వరస పెడుతూ రేపేం అడగాలా అని ఆలోచించుకునేది. ఇరవైరెండేళ్ళుగా లోపలే ఉండిపోయిన ప్రశ్నలన్నీ ప్రేమదాసు గారి పేరు మీద బయటికొచ్చాయి. మురుగు కాలవ ఎవరింటి ముందు ఆగిపోతోంది, మార్కెట్లో ఆడవాళ్ళకి మరుగుదొడ్డి ఎందుకు లేదు, రేషను కోసం నిలబడితే కూలి పోయేది ఎవరికి. మూడోరోజుకి కమలాంబ కూడా, "నన్నూ ఒకటి అడగనీయవే," అని బతిమాలి, వీధి లైటు గురించి కొడుకుని నిలదీసింది. అతను ఒక్కరోజు కూడా గెలవలేదు. చివర్లో మాత్రం ఒక సలహా ఇచ్చాడు, భార్యకి కాదు, తనకి తానే: "ఏమైనా సరే, ఎదుటివాడు చెప్పినదాన్ని ఒప్పుకోకూడదు. ఒప్పుకుంటే అయిపోయినట్టే."

చర్చకి రెండు రోజులుందనగా ఆరోగ్యమ్మ కొట్టుకి వచ్చింది. మనవరాలికి టిఫిను క్యారేజీ కావాలంది. ఎన్నికల్లో ఎదురు నిలబడ్డ ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని ముందు కాస్త తడబడ్డారు. తర్వాత మూత బిగుతు చూసే పనిలో పడి మామూలైపోయారు.

"మా ఆయన నోటుపుస్తకం నిండా రాసుకుంటున్నాడు భారతమ్మా," అంది ఆరోగ్యమ్మ. "నాకు కాఫీ పెట్టమని తప్ప ఏం అడగట్లేదు. ఈ పేటలో ఏ ఇంట్లో ఎవరికి ఏ జొరం వచ్చిందో నాకు తెలుసు. ఆయనకి తెలీదు."

"మా వారికి కుళాయి ఎప్పుడొస్తుందో తెలీదు."

ఇద్దరూ నవ్వుకున్నారు. భారతీదేవి క్యారేజీ మూత పెట్టి, గొంతు తగ్గించింది. "ఆరోగ్యమ్మ గారూ, ఒక బేరం చెబుతా వినండి. మీరొస్తే నేనొస్తా."

"మీ ఆయన రానిస్తాడా?"

"మీరే స్వయంగా వస్తున్నారని చిన్నబాబుకి చెప్పండి చాలు. ఆడమనిషికి ఎదురుగా కూర్చుని వాదించాలంటే మా వారు జంకుతారు. మా వారు జంకి నన్ను పంపిస్తే, ఎదురుగా ఆడమనిషే ఉంటుంది కాబట్టి మీ ఆయనకీ ఇక వచ్చే వీలుండదు."

ఆరోగ్యమ్మ కాసేపు ఆమె మొహంలోకి చూసింది, జ్వరం ఎంతుందో చూసేటట్టు. "నీతో పోటీ పడటం కష్టమే," అంది. "కానీ చెబుతున్నా, అక్కడికొచ్చాక నేను మొహమాట పడను."

"పడితే నాకేం ఉపయోగం?" అంది భారతీదేవి.

మర్నాడు మధ్యాహ్నం టీవీ తెర అడుగున అక్షరాలు నడిచాయి. 'ఆరోగ్యమ్మ గారు స్వయంగా పాల్గొంటారు.' భవానీప్రసాద్ అన్నంలో చెయ్యి పెట్టి ఆగిపోయాడు. "ఇదేం గోల? గెలిస్తే ఆడదాని మీద గెలిచాడంటారు. ఓడితే ఆడదాని చేతిలో ఓడాడంటారు."

"రెండు వైపులా నష్టమేనండి," అంది ఆమె, పెరుగు వేస్తూ.

అతను పెరుగన్నం కలుపుకున్నాడు. "అయితే నువ్వే కూర్చో. నేను కెమెరా పక్కన నిలబడి సైగ చేస్తుంటా. సైగ చూసి మాట్లాడు," అన్నాడు.

"అట్టాగేనండి," అంది.

చిన్నబాబు కేబుల్ ఆఫీసు మేడ మీద ఉంది. నీలం తెర, రెండు కుర్చీలు, మధ్యలో దశరథరామయ్య గారి బల్ల, దానిమీద గంట. కింద వీధిలో ఒక టీవీ పెట్టి జనాన్ని కూర్చోబెట్టారు. వాళ్ళలో కమలాంబ కూడా ఉంది. భారతీదేవి ముందు కాస్త బెదిరింది. కానీ ఎదురుగా కూర్చున్నది ఒక మనిషి, ఆ మనిషికి తన సరుకేమిటో చెప్పాలి, ఇది తాను రోజూ చేసేదే అనుకున్నాక కుదుటపడింది.

కుళాయి రాని రోజుల పట్టీ చెప్పింది. తెల్లవారకుండానే లేచి వరసలో నిలబడే ఆడవాళ్ళ సంగతి చెప్పింది. నీళ్ళు వదిలే వేళ ముందురోజే కేబుల్లో వేయించాలంది. భర్త కెమెరా పక్కన బొటనవేలు పైకెత్తాడు.

ఆరోగ్యమ్మ వంతు వచ్చింది. "ఆ నీళ్ళు ఎప్పుడొచ్చినా ఏం లాభమండి? పైపు రెండుచోట్ల మురుగు కాలవలోంచి పోతోంది. అక్కడ కారుతోంది. పోయిన వానాకాలం ఆ రెండు వీధుల పిల్లలకే వాంతులు, విరేచనాలు. సూదులు వేసింది నేను. ముందు పైపు పక్కకి మార్చాలి."

భారతీదేవి ఆ మాట విని నిజంగానే ఆశ్చర్యపోయింది. ఆ రెండు వీధులూ ఆమెకి తెలుసు. పైపు సంగతి తెలియదు. భవానీప్రసాద్ చెయ్యి అడ్డంగా ఊపుతున్నాడు, ఒప్పుకోవద్దని. ఒకరి దగ్గర తనకంటే మంచి గిన్నె ఉంటే లేదని చెప్పి అమ్మడం ఆమెకి చేతకాని విద్య. అలా అమ్మితే ఆ మనిషి మళ్ళీ కొట్టు మెట్లెక్కడు.

"ఆవిడ చెప్పిందే ముందు జరగాలండి," అంది. "నీళ్ళు ఎన్నింటికి వస్తాయన్నది తర్వాత, ఎలాంటి నీళ్ళు వస్తాయన్నది ముందు. నేను గెలిస్తే మొదట ఆ పైపే మార్పిస్తా. ఆవిడ గెలిస్తే, మార్చారా లేదా అని రోజూ అడుగుతా."

దశరథరామయ్య గారు గంట కొట్టబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నారు. "ఇరవైఎనిమిదేళ్ళు పాఠం చెప్పాను. ఇది మాత్రం పుస్తకంలో లేదు," అని తనలో తాను అనుకున్నట్టుగా అన్నారు. అది కూడా లైవ్‌లో వెళ్ళిపోయింది. భవానీప్రసాద్ సైగలు మానేసి గోడకి ఆనుకున్నాడు.

చివరగా ఒకరినొకరు ఒక్కో ప్రశ్న అడగాలి. భారతీదేవి మార్కెట్లో మరుగుదొడ్డి గురించి అడిగింది. ఆరోగ్యమ్మ జవాబు చెప్పి, కళ్ళజోడు సర్దుకుంది.

"భారతీదేవి గారూ, మీరు గెలిస్తే కౌన్సిలు మీటింగుకి వచ్చేది మీరా, మీ ఆయనా?"

నాలుగు సాయంత్రాల సాధనలో ఆ ప్రశ్న రాలేదు. ప్రేమదాసు గారి పేరు మీద ఎన్నో అడిగింది గానీ, అది తనని తాను అడగలేదు. భర్త ఇప్పటికే రెండు జతల తెల్లబట్టలు కుట్టించుకున్నాడు, మీటింగులకి. "నువ్వు సంతకం పెట్టి కొట్టుకి వెళ్ళు, మిగతాది నాది," అని నిన్న కూడా అన్నాడు. 'ఇద్దరం వస్తాం' అంటే ఇంట్లో గొడవుండదు. వినడానికీ బాగుంటుంది. కానీ అది కల్తీ మాట అని ఎదురుగా ఉన్న నర్సుకి తెలిసిపోతుంది, కింద కూర్చున్న అత్తగారికీ తెలిసిపోతుంది. 'నేను' అంటే మాత్రం ఊరంతా విన్న మాట అవుతుంది. రేపు ఇంట్లో ఎవరు గొంతు పెంచినా వెనక్కి తీసుకోవడానికి కుదరదు. నాలుగు గోడల మధ్య ఇరవైరెండేళ్ళుగా తెగని బేరం, ఇంతమంది సాక్షుల ముందు ఒక్క మాటతో తెగిపోతుంది. ఇంత మంచి అవకాశం మళ్ళీ దొరకదని ఆమెకి క్షణంలో లెక్క తేలింది. లోపలెక్కడో నవ్వొచ్చింది. ఆ నవ్వుతోనే కెమెరా వంక చూసింది.

"నేనేనండి. కుర్చీలో కూర్చునేదీ నేనే, చెయ్యెత్తేదీ నేనే. మీటింగు రోజున కొట్టు మా వారు చూసుకుంటారు."

కింద వీధిలోంచి నవ్వులు, చప్పట్లు మెట్లెక్కి పైకొచ్చాయి. వాటిలో కమలాంబ గొంతు అందరికంటే పైన వినిపించింది. చిన్నబాబుకి ఏం తోచిందో కెమెరా ఒక్కసారిగా భవానీప్రసాద్ మీదికి తిప్పాడు. జగ్గయ్యపేట మొత్తం చూస్తుండగా, ఏం చెయ్యాలో తెలియక, అతను రెండు చేతులూ జోడించి చిరునవ్వుతో నమస్కారం పెట్టాడు.