గిద్దలూరుకొక టికెట్

శివకుమారి కండక్టరుగా తిరిగే పల్లెవెలుగు బస్సు రోజుకు నాలుగుసార్లు ఆమె సొంతూరు బేస్తవారిపేట మీదుగానే పోతుంది. కూతురు జాహ్నవి లేవకముందే ఇల్లు వదిలితే, అది నిద్రపోయాకే మళ్లీ గడప తొక్కేది. సాయంత్రం ఐదింటి ట్రిప్పుకు మాత్రం భర్త కోటి బిడ్డను స్టాండుకు తెచ్చేవాడు. కిటికీలోంచి చెయ్యందుకుని "తిన్నావా?" అని అడిగేలోగా బస్సు కదిలేది.

ఆ బుధవారం ఇద్దరూ కనిపించలేదు. ఆడవాళ్లకు ప్రయాణం ఉచితమయ్యాక బస్సులో కాలు పెట్టే సందుండటం లేదు. మనసు చివుక్కుమన్నా రైట్ చెప్పి, టికెట్లు కొడుతూ ముందుకు జరిగింది.

"గిద్దలూరుకొకటి," అంది నడుము దగ్గరొక గొంతు.

వంగి చూస్తే, బడి యూనిఫాంలో ఏడేళ్ల కూతురు!

"ఏందే ఇది? నాయనేడి?"

"మేక ఈనుతాందని ఫోనొస్తే పోయినాడు. నన్ను టీ కొట్టుకాడ ఉండమన్నాడు."

"తప్పిపోతే ఏం గావాల?"

"నీ బస్సులో ఎట్ల తప్పిపోతా? ఎక్కినోళ్లందరితో మాట్లాడతావు గదా. అందుకే ఎక్కినా."

అప్పటికే ఊరంతా వెతుకుతున్న కోటికి శివకుమారి ఫోన్ చేసి, తిరుగు ట్రిప్పులో దింపుతానంది. ఇంకా సగం బస్సుకు టికెట్లు కొట్టాలి. సంతకు పోయొస్తున్న రోశమ్మ అనే ముసలామె "నా ఒళ్లో కూచో తల్లీ" అని బిడ్డను లాక్కుంది.

జాహ్నవి ఆమెకు కబుర్లు మొదలుపెట్టింది. బళ్లో పాట పాడిందట. మొన్న పన్ను ఊడిందట. నాలుగడుగుల దూరంలో నిలబడి, తనకు తెలియాల్సినవన్నీ ఎవరికో చెబుతుంటే వింటూ చిల్లర లెక్క తప్పింది శివకుమారి.

గిద్దలూరులో బస్సు ఖాళీ అయింది. డ్రైవరు పేతురు రెండు టీలు, ఒక బన్ను తెచ్చిచ్చి, "పదిహేను నిమిషాలుంది చెల్లెమ్మా, కూచో," అని దిగిపోయాడు.

"పన్ను చూపియ్యి."

జాహ్నవి నోరు తెరిచింది.

"నాకెందుకు చెప్పలేదే?"

"నువ్వొచ్చేదాకా మేలుకోవాలనుకున్నా. నిద్రొచ్చింది."

ఆ పాట మళ్లీ పాడించుకుంది. మూడో చరణంలోనే పిల్ల ఆమె ఒళ్లో నిద్రపోయింది. పదిహేను నిమిషాలూ ఆమె టీ ముట్టలేదు, కదిలితే లేస్తుందని.

బేస్తవారిపేటలో కోటి కిందనుంచి చేతులు చాచాడు. "నాదే తప్పు," అన్నాడు. ఆమె వంగి బిడ్డను అందించింది. ఒళ్లో వెచ్చదనం డిపో ఉన్న మార్కాపురం దాకా ఉన్నట్టే అనిపించింది.

మర్నాడు డిపోలో, సాయంత్రానికి ఇల్లు చేరే డ్యూటీ ఇప్పించమని అర్జీ ఇచ్చింది. "మనుషుల్లేరమ్మా, చూద్దాం," అన్నాడు మేనేజరు. ఆ మాటే పట్టుకుని ట్రిప్పెక్కింది.

బేస్తవారిపేటలో బస్సు ఆగేసరికి పొద్దుటి బడి బెల్లు కొట్టి చాలాసేపైంది. జాహ్నవి బళ్లో ఉంటుంది, స్టాండులో తనకోసం ఎవరూ లేరని తెలుసు. అయినా అటే చూస్తూ, ఒక నిమిషం ఆలస్యంగా రైట్ చెప్పింది.